ప్రకటనలు పోవాలంటే ఫార్మాటే కొట్టాలా?

సంపాదకులకు నమస్కారం.

గుంటూరులో కంప్యూటర్ కాస్త తేడా చేస్తే చాలు, రిపేరు కొట్టులో ముందుగా వినిపించే మాట "ఫార్మాట్ కొట్టాలి", అంటే విండోస్ ఉన్న చోటంతా తుడిచేసి దాన్ని మళ్లీ కొత్తగా వేయాలి అని. నెట్ నెమ్మదిగా వచ్చినా అదే, ప్రింటర్ పలకకపోయినా దాదాపు అదే. మనం అడక్కుండానే తెర మీద ప్రకటనలు వచ్చి పడుతున్నాయంటే ఇక మారుమాట ఉండదు. ఈ ప్రకటనల బెడదకి, వాటిని తెచ్చిపెట్టే యాడ్‌వేర్ అనే ప్రోగ్రాములకి కూడా, ఫార్మాట్ అక్కర్లేదనీ, మన ఊళ్లో ఫార్మాట్ కొట్టే తీరు చూస్తే అది పోయినదాన్ని మళ్లీ తెచ్చిపెడుతోందనీ చెప్పడానికే ఈ ఉత్తరం.

నేను మెకానిక్‌ని కాను. మిర్చి యార్డులో కొన్ని కమీషన్ కొట్లకి, పట్నం బజారులో ఒకటి రెండు హోల్‌సేల్ షాపులకి ట్యాలీలో పద్దులు రాస్తుంటాను. ఒక్కో చోట నేను కూర్చునేది వారానికి ఒకటి రెండు పూటలు. మిగతా వేళల్లో ఆ కంప్యూటర్ గుమస్తాది, ఓనరు గారబ్బాయిది, పక్క కొట్టు కుర్రాళ్లది. హాల్ టికెట్లు తీసేది దాంట్లోనే, క్రికెట్ చూసేది దాంట్లోనే, కొత్త సినిమా ఎక్కడ దొరుకుతుందా అని వెతికేదీ దాంట్లోనే. నేను వెళ్లి తెరిచేసరికి కుడివైపు కింద మూల నుంచి డబ్బాలు ఒకదాని మీద ఒకటి లేస్తుంటాయి. మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయంటుంది ఒకటి, రమ్మీ ఆడమంటుంది ఇంకొకటి. ఎదురుగా బెంచీ మీద రైతులు పట్టీల (లెక్క చీటీల) కోసం కూర్చుని ఉండగా తెర మీద రాకూడని బొమ్మలు వస్తాయి. ఓనరు గారు మొహం పక్కకి తిప్పుకుని, "ఏంటమ్మా ఈ దరిద్రం, ఆ కుర్రాణ్ణి పిలిచి ఫార్మాట్ కొట్టించేద్దాం" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గుండె దడ.

ఎందుకో చెబుతాను. ఒక కొట్టులో మంచి సీజన్‌లో, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుమతి జోరుగా ఉన్న మార్చి నెలలో, నేను లేని పూట ఈ పని జరిగిపోయింది. నేను వెళ్లి ట్యాలీ తెరిస్తే కంపెనీ పేరే లేదు. అడిగితే కుర్రాడు, "డి డ్రైవ్ నేను ముట్టుకోలేదక్కా, మీ ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయి" అన్నాడు. పాపం అబద్ధం చెప్పలేదు. కానీ ట్యాలీ డేటా చాలా చోట్ల సి డ్రైవ్‌లోనే ఉంటుంది, ఎవరైనా మార్చి పెట్టుకుంటే తప్ప. ఈ కొట్టులో ఎవరూ మార్చలేదు. పెన్ డ్రైవ్‌లో ఉన్న బ్యాకప్ సంక్రాంతి నాటిది. ఆ తరవాతి కొనుగోళ్లు, కాటా చీటీలు, హమాలీ ఖర్చులు అన్నీ కాగితం పుస్తకాల్లోంచి మళ్లీ ఎక్కించాలి. జీఎస్టీ రిటర్న్ వేయాల్సిన 20వ తేదీ మీద పడుతోంది. గుమస్తా చదువుతుంటే నేను టైపు చేస్తూ రాత్రిళ్లు కూర్చున్నాం. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అంటారే, అచ్చంగా అదే.

పోనీ ఎలుకైనా పోయిందా అంటే, అదీ లేదు. వారం తిరక్కుండానే ప్రకటనలు మళ్లీ మొదలయ్యాయి. ఈసారి నేనే కూర్చుని వెతికాను. ఆ అబ్బాయి వేసిన విండోస్‌కి లైసెన్సు లేదు. దాన్ని నడిపించడానికి యాక్టివేటర్ అనే దొంగ ప్రోగ్రాము ఒకటి వేశాడు. దాన్ని విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ పట్టుకుంటుంది కాబట్టి ముందు డిఫెండర్‌ని ఆపేశాడు. పని అయ్యాక మళ్లీ ఆన్ చేయలేదు. ఇలాంటి యాక్టివేటర్లతో పాటు ఇంకేవేవో కూడా దిగడం చాలా మామూలు. రెండోది ఇంకా విచిత్రం. ఫార్మాట్ అయ్యాక ఓనరు గారబ్బాయి క్రోమ్‌లో తన జీమెయిల్‌తో సైన్ ఇన్ అయ్యాడు. సింక్, అంటే పాత క్రోమ్‌లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి తెచ్చే ఏర్పాటు, ఆన్‌లో ఉంది. దాంతో పాత క్రోమ్‌లో ఉన్న ఎక్స్‌టెన్షన్లన్నీ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు), ఏది ప్రకటనలు తెస్తోందో దానితో సహా, కొత్త విండోస్‌లోకి దిగిపోయాయి. ఫార్మాట్‌కి ఇచ్చిన డబ్బులూ పోయాయి, పద్దులూ పోయాయి, ప్రకటనలు మాత్రం మిగిలాయి.

అసలు చేయాల్సిన పని ఇంతకంటే చాలా చిన్నది. తీరిగ్గా చేసినా గంట పట్టదు.

మొదట చూడాల్సింది నోటిఫికేషన్లు. నేను చూసిన కంప్యూటర్లలో సగానికి పైగా ఉన్నది అసలు యాడ్‌వేర్ కూడా కాదు. ఎవరో ఏదో సైటులో "అలౌ" అని నొక్కారు, ఆ సైటు రోజూ పంపిస్తోంది, అంతే. మూలన లేచే ఆ డబ్బాని ఒకసారి నిదానంగా చూడండి, చిన్న అక్షరాల్లో క్రోమ్ అనీ, పంపిన సైటు పేరూ కనిపిస్తాయి. అలా ఉంటే క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్, అందులో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్‌కి వెళ్లండి. పంపడానికి మనం ఒప్పుకున్న సైట్ల జాబితా అక్కడ ఉంటుంది. ఒక కొట్టులో ఆ జాబితా తెర నిండా ఉంది, అర్థం లేని పేర్లతో. ఒక్కోదాని పక్కనున్న చుక్కలు నొక్కి తీసేయడమే. ఆ పేజీలోనే పైన, ఏ సైటూ నోటిఫికేషన్లు పంపకూడదు అనే ఎంపిక ఉంది, అది పెట్టేస్తే అడగడమే మానేస్తాయి. పద్దుల కంప్యూటర్‌కి నోటిఫికేషన్లతో ఏం పని?

దాంతో పోకపోతే అప్పుడు యాడ్‌వేర్ ఉన్నట్టు. ముందుగా ట్యాలీ డేటాని, ముఖ్యమైన ఫైళ్లని పెన్ డ్రైవ్‌లోకి తీసుకోండి. తరవాత విండోస్ సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో ఇన్‌స్టాల్డ్ యాప్స్ తెరిచి, ఇన్‌స్టాల్ చేసిన తేదీ వారీగా అమర్చండి. ప్రకటనలు ఏ రోజుల్లో మొదలయ్యాయో గుర్తుంటే దొంగ ఆ తేదీల దగ్గరే దొరుకుతాడు. డ్రైవర్ అప్‌డేటర్, పీసీ క్లీనర్, కూపన్లు ఇచ్చేది, పీడీఎఫ్ మార్చేది, ఎవరూ వేయని కొత్త బ్రౌజర్, ఇలాంటి పేర్లతో ఉంటుంది. తీసేయండి. పేరు చూసి అనుమానమైతే తీసేముందు నెట్‌లో వెతికి చూసుకోండి. ప్రింటర్‌దో సౌండ్‌దో పొరపాటున తీసేస్తే అదొక టెన్షన్.

ముందు ప్రోగ్రాము, తరవాతే బ్రౌజరు. ఈ వరస ఎందుకంటే, లోపల ప్రోగ్రాము బతికి ఉంటే బ్రౌజర్‌లో మనం తీసేసిన ఎక్స్‌టెన్షన్‌ని అదే మళ్లీ పెట్టేస్తుంది. చాలామంది బ్రౌజర్ ఒక్కటే శుభ్రం చేసి, మర్నాడు మళ్లీ వస్తే "ఇది పోయే రకం కాదు" అని ఫార్మాట్‌కి ఇచ్చేస్తారు. బ్రౌజర్‌లో ఎక్స్‌టెన్షన్స్ పేజీ తెరిచి, ఎందుకున్నదో ఎవరికీ తెలియని ప్రతిదాన్నీ తీసేయండి. ఒక్కోసారి తీసేసే మీటే పనిచేయదు. క్రోమ్ మెనూ అడుగున "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అని ఉంటుంది. కమీషన్ కొట్టుకి ఆర్గనైజేషన్ ఎక్కడిది? కొన్ని యాంటీవైరస్‌లు కూడా ఆ మాట చూపిస్తాయి గానీ, కొట్టులో అలాంటిదేమీ లేకపోతే యాడ్‌వేరే ఆ పేరుతో తాళం వేసుకుని కూర్చుందని అనుమానించాలి. చివరగా క్రోమ్ సెట్టింగ్స్‌లో రీసెట్ సెట్టింగ్స్ ఉంది. అది నొక్కితే హోమ్ పేజీ, సెర్చ్ ఇంజిన్ మొదట ఉన్నట్టు అవుతాయి, ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి. బుక్‌మార్కులు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు పోవు. ఇదీ ఫార్మాటూ ఒకటే అనుకుని భయపడేవాళ్లు ఉన్నారు, కాదు.

ఇంకా మొండిగా ఉంటే ఆడ్‌డబ్ల్యుక్లీనర్ అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాము ఉంది. 2016 నుంచి అది మాల్‌వేర్‌బైట్స్ అనే భద్రతా సంస్థది. ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, నడిపితే వెతికి చూపిస్తుంది, మనం ఒప్పుకుంటే పక్కన పెట్టేసి కంప్యూటర్‌ని రీస్టార్ట్ చేస్తుంది. కేంద్ర ప్రభుత్వానికి చెందిన కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కూడా 2017లో సైబర్ స్వచ్ఛతా కేంద్ర అని మొదలుపెట్టి వైరస్‌లు తొలగించే సాధనాలు ఉచితంగా ఇస్తోంది. ఒక్క జాగ్రత్త: వీటిని వెతికేటప్పుడు గూగుల్‌లో అన్నిటికన్నా పైన "స్పాన్సర్డ్" అని వచ్చేదాన్ని నొక్కకండి. అసలు కంపెనీల పేరు పెట్టుకుని దొంగలు ప్రకటనలు కొంటున్నారని అమెరికాలో ఎఫ్‌బీఐ 2022 డిసెంబరులో హెచ్చరించింది. ప్రకటనలను ఆపే ఎక్స్‌టెన్షన్ వాడుకోమని అప్పుడు ఎఫ్‌బీఐయే సలహా ఇచ్చింది. యాడ్‌వేర్ తీసే మందు కోసం వెతుకుతూ ఇంకో యాడ్‌వేర్ దించుకున్న కొట్టుని నేను చూశాను.

ఇక మళ్లీ రాకుండా ఉండడం. విండోస్ సెక్యూరిటీలో యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్, అందులో రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌లోకి వెళితే, అక్కర్లేని యాప్‌లను అడ్డుకునే మీట ఒకటి ఉంటుంది. 2021 ఆగస్టు నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని తనంతట తానే ఆన్‌లో పెట్టడం మొదలుపెట్టింది. రిపేరు నుంచి ఇంటికి తెచ్చుకున్న ప్రతి కంప్యూటర్‌లోనూ మొదట చూసుకోవాల్సింది అదీ, డిఫెండర్ ఆన్‌లో ఉందా లేదా అన్నదీ. డిఫెండర్ ఉండగా ఇంకో రెండు ఉచిత యాంటీవైరస్‌లు కలిపి వేయించుకుంటే బలం పెరగదు, కంప్యూటర్ ఈడుస్తుంది.

డౌన్‌లోడ్ పేజీల్లో ఆకుపచ్చగా పెద్దగా మెరిసే మీటలు చాలావరకు ప్రకటనలే, అసలుది చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. అందుకే సాఫ్ట్‌వేర్ దాన్ని తయారుచేసినవాళ్ల సొంత సైటులోనే దించుకోవాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నెక్స్ట్, నెక్స్ట్ అని గబగబా నొక్కే అలవాటు మీదే ఈ వ్యాపారం అంతా నడుస్తోంది. ఒకప్పుడు జావా వేస్తే పక్కన ఆస్క్ టూల్‌బార్ కూడా దిగేది. టిక్కు వాళ్లే పెట్టి ఉంచేవాళ్లు, మనం చూసి తీసేయాలి. ఇప్పటికీ అదే ఎత్తు. కస్టమ్ అనో అడ్వాన్స్‌డ్ అనో ఉంటే అది ఎంచుకుని, అక్కర్లేని టిక్కులు తీయాలి. తెలుగు టైపింగ్ కోసమే ఎన్నో కొట్లలో దొంగ సాఫ్ట్‌వేర్ దించుతుంటారు. 2019 మే అప్‌డేట్ నుంచి విండోస్ 10లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పడేది) ఉంది. మండలి, రామభద్ర, సూరన్న లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. పెళ్లి కార్డుకైనా కొట్టు బోర్డుకైనా అవి చాలు.

ఇది మన ఊరి అమాయకుల గొడవ అనుకునేవాళ్లకి రెండు సంగతులు. 2017లో చెక్ పాయింట్ అనే భద్రతా సంస్థ ఫైర్‌బాల్ అనే యాడ్‌వేర్‌ని బయటపెట్టింది. ఉచిత సాఫ్ట్‌వేర్ వెంట దిగి హోమ్ పేజీని, సెర్చ్‌ని మార్చేసేది అది. ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లకి సోకిందనీ, అందులో సుమారు 2.5 కోట్లు మన దేశంలోవేననీ ఆ సంస్థ లెక్క. మైక్రోసాఫ్ట్ ఆ లెక్క మరీ ఎక్కువ చేసి చెప్పారంది. సగానికి సగం కోసేసినా చిన్న సంఖ్య కాదు. రెండోది: 2014లో, 2015 మొదట్లో అమ్మిన కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌ల్లో సూపర్‌ఫిష్ అనే యాడ్‌వేర్ కంపెనీ నుంచే వచ్చింది, సురక్షితమైన పేజీల మధ్యలో కూడా దూరి ప్రకటనలు పెట్టేది. 2017లో అమెరికా ప్రభుత్వ సంస్థతో రాజీ చేసుకునే దాకా ఆ వ్యవహారం నడిచింది. డబ్బా విప్పని కొత్త ల్యాప్‌టాప్‌లోనే ఉంటే గుమస్తాని తిట్టి ఏం లాభం?

అయితే ఫార్మాట్ ఎప్పుడూ వద్దని నేననడం లేదు. ఫైళ్ల పేర్లు మారిపోయి డబ్బు అడుగుతుంటే, దొంగ యాక్టివేటర్‌తో పాటు పాస్‌వర్డ్‌లు లాగేది దూరిందని తేలితే, అప్పుడు కొట్టించాల్సిందే. బ్యాంకు పాస్‌వర్డ్ మాత్రం వేరే కంప్యూటర్‌లోంచి మార్చుకోవాలి. తెర మీద "ఈ నంబరుకి ఫోన్ చేయండి, మైక్రోసాఫ్ట్" అని వస్తే అది పక్కా మోసం. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. చేసి డబ్బు పోగొట్టుకుంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

రిపేరు కొట్ల వాళ్లని నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఫార్మాట్ కొట్టేముందు ట్యాలీ ఉందా, డేటా ఎక్కడుంది అని అడగండి. ఏ విండోస్ వేశారో, లైసెన్సు ఉందో లేదో, ఏమేం దించారో బిల్లు మీద రాసివ్వండి. ఐదారు వందలు తీసుకున్నప్పుడు నాలుగు వాక్యాలు రాయడం కష్టం కాదు. లైసెన్సు కొనే స్తోమత లేదని ఓనరు అంటే, అది ఆయన తేల్చుకోవాల్సిన సంగతి. ఆయనకి చెప్పకుండా మీరు తేల్చకూడదు.

చివరగా మీకూ ఒక మాట, కోపం తెచ్చుకోకండి. తెలుగు వార్తల సైట్లు ఏది తెరిచినా వార్త కనపడకముందే "నోటిఫికేషన్లు పంపమంటారా" అని డబ్బా వస్తుంది. అడ్డం తొలగితే చాలని జనం అలౌ నొక్కేస్తారు. రోజూ పేపరు చదవడానికి అలౌ నొక్కిన వేలు, రేపు "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అని ఏ దొంగ సైటు అడిగినా ఆగదు. వార్తల కింద "డౌన్‌లోడ్" అని మీటలా కనిపించే ప్రకటనలు వేసే సైట్లూ ఉన్నాయి. మీ సైటులో ఆ డబ్బా తీసేయండి. కావాలనుకున్నవాళ్లు వెతుక్కుని పెట్టుకుంటారు. దీనికి మీ జవాబు ఇదే శీర్షికలో చూడాలని ఉంది.

ఉత్తరం పొడుగైంది. చోటు చాలక కత్తిరించాల్సి వస్తే నా అభిప్రాయాలు, విసుర్లు తీసేయండి. సెట్టింగ్స్‌లో ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలో రాసిన వరస మాత్రం ముట్టుకోవద్దు. మధ్యలో ఒక్క పేరు ఎగిరిపోయినా చదివినవాళ్లకి ఆ పేజీ దొరకదు. నా పేరు వేయవద్దని మనవి, ఆ కొట్లలోనే రేపు కూడా పద్దులు రాయాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.